చలి కొండల మీద నాటు వలిసెలు: విత్తనం నుంచి విత్తనం దాకా ఎలా పండించాలి

సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కి ఒడిశాలోని కొరాపుట్ వైపు వచ్చేసరికి నేల మారుతుంది, గాలి మారుతుంది. సాలూరు మైదానంలో పండిన పంటే ఇక్కడ వేస్తే ఒక్కోసారి పూతకే రాదు. ఈ పీఠభూమి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. దాని అంచున ఉన్న దేవమాలి 1672 మీటర్లు, ఒడిశాలో అంతకన్నా ఎత్తయిన శిఖరం లేదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి పది డిగ్రీల లోపుకు దిగిపోతుంది. పొట్టంగి, సిమిలిగుడ, నందపూర్ చుట్టుపక్కల గరువు (మెట్ట) భూములున్న మన తెలుగు కుటుంబాలు ఈ చలిని తట్టుకునే పంట ఏదని అడుగుతుంటాయి. నా సమాధానం వలిసెలు, ఇంగ్లీషులో నైజర్ అనే నూనె గింజల పంట. అదీ ఈ కొండల్లోనే తరతరాలుగా పండుతున్న నాటు రకం.

వలిసెల పుట్టిల్లు ఇథియోపియా కొండ ప్రాంతం. చల్లటి గాలి, ఎత్తు, బీద నేల దాని రక్తంలోనే ఉన్నాయి. అక్కడి తర్వాత దాన్ని బాగా పండించేది మన దేశమే. ఒడిశాలో ఆ పంటకు పేరున్న జిల్లా కొరాపుట్. ఇక్కడి గిరిజన రైతులు దాన్ని అలసి అంటారు. అక్టోబరు, నవంబరు నెలల్లో కొండవాలు మొత్తం పచ్చటి పసుపు పూలతో కనిపించేది ఈ పంటే. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయానికి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వ వ్యవసాయంగా గుర్తింపు ఇచ్చింది. ఆ గుర్తింపు రావడానికి కారణం ఇక్కడి రైతులు, ముఖ్యంగా ఆడవాళ్ళు, విత్తనాన్ని కాపాడుకుంటూ రావడమే.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ సరిహద్దు కొండల్లో బయటి నుంచి వచ్చి, అడ్వాన్సు చేతిలో పెట్టి, గంజాయి వేయమని అడిగేవాళ్ళున్నారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి మొక్క సాగు చేస్తే పదేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. డబ్బు పెట్టినవాడు ఊరు దాటి వెళ్ళిపోతాడు, పొలం ఎవరిదో వాళ్ళు కోర్టుల చుట్టూ తిరుగుతారు. ఇదే చలికి, ఇదే వాలుకి, పెట్టుబడి పెద్దగా లేకుండా పండే పంట మన చేతిలో ఉన్నప్పుడు ఆ టెన్షన్ మనకెందుకు?

నాటు విత్తనం ఎక్కడ వెతకాలి

దుకాణంలో కాదు. మీ పొలం ఎంత ఎత్తున ఉందో దాదాపు అంతే ఎత్తున, అలాంటి నేలలోనే, చాలా ఏళ్ళుగా తమ విత్తనాన్నే వేసుకుంటున్న రైతు ఇంట్లో వెతకాలి. ఈ సంగతి మొదట్లోనే గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే వలిసె మొక్క పగటి పొద్దును చూసి పూస్తుంది. పొద్దు తగ్గుతూ వచ్చే రోజుల్లోనే మొగ్గ తొడుగుతుంది. అక్కడి చలికి, అక్కడి వాన వెనక్కి వెళ్ళే సమయానికి అలవాటు పడిన విత్తనం ఎప్పుడు పూయాలో అప్పుడే పూస్తుంది. జయపురం పల్లంలోని విత్తనాన్ని తెచ్చి పొట్టంగి మీద వేస్తే మొలకెత్తుతుంది, పెరుగుతుంది కూడా. గింజ పాలు పోసుకునే సమయానికే చలి మీద పడి తాలు ఎక్కువవుతుంది.

సంతలో కొనాల్సి వస్తే శుక్రవారం కుందులి సంతకు వెళ్ళండి. చుట్టుపక్కల కొండ ఊళ్ళవాళ్ళు అక్కడికి దిగుతారు. వ్యాపారి బస్తాలోది తీసుకోకండి, అందులో పది ఊళ్ళ గింజ కలిసి ఉంటుంది. చిన్న బుట్టలోనో గుడ్డ మూటలోనో తన పంట తెచ్చుకున్న మనిషి దగ్గర కూర్చోండి. ఏ ఊరు, ఎప్పుడు విత్తారు, ఎప్పుడు కోశారు, పొలంలో బంగారు తీగ అనే కలుపు ఉందా అని అడగండి. పండించిన మనిషికి ఈ నాలుగూ తెలుస్తాయి. కొని అమ్మేవాళ్ళకు తెలియవు.

సిమిలిగుడలో ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధన కేంద్రం ఉంది, వలిసెల మీద అక్కడ చాలాకాలంగా పని జరుగుతోంది. దేవమాలి, ఉత్కల్ నైజర్-150 ఒడిశా నుంచి వచ్చిన మెరుగైన రకాలే. అవి వేసుకోవడంలో తప్పేమీ లేదు, దిగుబడి కూడా బాగుంటుంది. అయితే నాటు విత్తనాన్ని నిలబెట్టుకోవాలనుకున్న పొలం పక్కనే వాటిని వేయకండి. ఎందుకో పూత దగ్గర చెబుతాను.

గింజ చేతిలోకి తీసుకుని చూడండి

గుప్పెడు గింజల్ని తెల్లగుడ్డ మీద పలచగా పరిచి వెలుతురులో చూడండి. మంచి వలిసె గింజ సన్నగా, కాస్త పొడవుగా, నిగనిగలాడే నలుపుతో ఉంటుంది. పొడవు మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు. బూడిద రంగులో తేలిగ్గా ఉన్నవి తాలు గింజలు, చేటలో చెరిగితే పోతాయి.

ఇప్పుడు అసలు శత్రువును వెతకండి. గుండ్రంగా, ఆవగింజ కన్నా చిన్నగా, మట్టి రంగులో, పైన గరుకుగా ఉండే గింజలేమైనా కనిపిస్తున్నాయా? అవి బంగారు తీగ గింజలు. వేరు, ఆకు లేని ఆ పసుపు తీగ వలిసె కాండాన్ని చుట్టుకుని దాని రసం పీల్చి బతుకుతుంది. వలిసె చేలను నాశనం చేసే వాటిలో దాన్ని మించింది లేదు. మన వలిసెలు పక్షుల మేతగా అమెరికా, యూరప్ వెళతాయి. అమెరికాలో దిగే ప్రతి వలిసె గింజనూ 120 డిగ్రీల వేడిలో 15 నిమిషాలు ఉంచాలన్న నిబంధన పెట్టింది ఇలాంటి కలుపు గింజల భయంతోనే. అంత పెద్ద దేశమే ఇంత జాగ్రత్త పడుతుంటే మనం గుడ్డికన్నుతో పొలంలో చల్లుకోవడం న్యాయం కాదు.

కన్ను సన్నగా ఉన్న జల్లెడ తీసుకోండి. వలిసె గింజ పైన నిలవాలి, గుండ్రటి చిన్న గింజ కిందికి జారిపోవాలి. ఒకసారి కాదు, రెండు మూడు సార్లు జల్లించండి. కింద పడినదాన్ని పెంటకుప్పలో వేయకండి, పొయ్యిలో వేయండి. ఆ గింజ మట్టిలో పదేళ్ళకు పైగా బతికి ఉండగలదు. పెంటతో పాటు మళ్ళీ పొలానికే వస్తుంది. జల్లించాక మిగిలినదాన్ని ఇంకోసారి తెల్లగుడ్డ మీద పోసి చేత్తో ఏరండి. ఎకరాకు కావలసింది రెండు కిలోలే, ఒక మధ్యాహ్నం పని. ఇంట్లో చూపు బాగున్న పిల్లలుంటే వాళ్ళను కూర్చోబెట్టండి.

మొలక పరీక్ష కూడా అప్పుడే చేసేయండి. నూరు గింజలు లెక్కపెట్టి తడి గోనెగుడ్డలో చుట్టి, ఇంట్లో నీడన పెట్టండి. గుడ్డ ఆరకుండా చూస్తే ఐదారు రోజుల్లో సంగతి తెలిసిపోతుంది. ఎనభై మొలిస్తే నిశ్చింత. అరవైకి పడితే విత్తనం మోతాదు పెంచాలి. సగం కూడా రాకపోతే వేరే ఇంటి తలుపు తట్టాలి.

నేల

దీని గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. ఎర్ర గరువు, గులకరాళ్ళ వాలు, వరికి పనికిరాని మెట్ట, ఏదైనా సరే. పుల్లటి నేలను కూడా ఓర్చుకుంటుంది. నీళ్ళు నిలవని చోటు చూసుకోండి. రెండుసార్లు దున్ని, వాలుకు అడ్డంగా చాళ్ళు పెట్టండి, వాలు వెంట దున్నితే ఆగస్టు వానకు పైమట్టి గెడ్డలోకి (వాగులోకి) పోతుంది. చివరి దుక్కిలో ఎకరాకు రెండు టన్నుల వరకు బాగా మాగిన పశువుల ఎరువు వేస్తే చాలు. యూరియా ఎక్కువ వేస్తే మొక్క ఏపుగా లేచి గాలికి పడిపోతుంది, గింజ కట్టదు.

కిందటి ఏడు ఆ చేనులో ఏం వేశారో గుర్తు చేసుకోండి. చోళ్ళు (రాగులు), సామలు, మొక్కజొన్న వేసిన నేల వలిసెకు అన్నిటికన్నా మంచిది, ఎందుకంటే బంగారు తీగ గడ్డిజాతి పంటల మీద బతకదు. వలిసె మీద వలిసె వేయడం మానుకోండి. బంగారు తీగ ఒక్కసారి కనిపించిన చేనులోనైతే కొన్నేళ్ళ పాటు చోళ్ళు, సామలే తిప్పండి.

ఎప్పుడు విత్తాలి

ఈ ఎత్తున ఆగస్టు రెండో పక్షం నుంచి సెప్టెంబరు మొదటి వారం లోపు. ఇక్కడే చాలామంది పొరబడతారు. తొలకరికి భూమి ఖాళీగా ఉంది కదా అని జూన్, జూలైలోనే విత్తితే పగలు ఇంకా పొడుగ్గా ఉంటుంది కాబట్టి మొక్క పూతకు పోకుండా ఆకు, కాండం పెంచుకుంటూ పోతుంది. మనిషి ఎత్తు లేచి, ఒక్క గాలివానకు నేలమట్టం అవుతుంది. ఆలస్యంగా, సెప్టెంబరు చివర్లో విత్తితే మొక్క మోకాలి ఎత్తుకు రాకుండానే పొద్దు తగ్గిపోయి పూసేస్తుంది. కొమ్మలు లేవు, తలలు లేవు, పైగా గింజ గట్టిపడే వేళకు నేలలో తడి ఉండదు. మంచు పేరుకునే గుంట పొలాల్లో డిసెంబరు చలి లేత గింజను దెబ్బతీస్తుంది కూడా.

సరైన సమయానికి విత్తితే మొదటి నెల వాన తడిలో పెరుగుతుంది, అక్టోబరు నడుమ నుంచి పూత, వాన వెనక్కి తగ్గాక ఎండలో తేనెటీగలు తిరుగుతాయి, డిసెంబరులో పొడి గాలికి గింజ ఆరుతుంది. పంట కాలం మొత్తం వంద రోజుల పైచిలుకు. మైదానంలో పది రోజులు తక్కువ, పైన దేవమాలి వైపు ఊళ్ళలో పది రోజులు ఎక్కువ. మీ ఊళ్ళో పాత రైతులు ఏ పండగ దాటాక విత్తుతారో అడిగి తెలుసుకుని, ఆ వారం మీద ఉండండి.

విత్తడం

ఎకరాకు రెండు కిలోలు. వెయ్యి గింజల బరువు నాలుగు గ్రాములు అనుకుంటే రెండు కిలోల్లో ఐదు లక్షల గింజలున్నట్టు. చాలుకు చాలుకు 30 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 10 సెంటీమీటర్లు వదిలితే ఎకరాలో పట్టేవి సుమారు లక్షా ముప్పై వేల మొక్కలే. అంటే రెండు కిలోలకు మించి చల్లడం విత్తనం దండగ చేయడమే. చిక్కగా ఉన్న చేను కంటికి బాగుంటుంది, గింజకు బాగుండదు.

ఇంత సన్న గింజ చేతి నుంచి సమంగా పడదు. అందుకని ఒక వంతు గింజకు ఇరవై వంతులు జల్లించిన పొడి ఎరువో ఇసుకో కలపండి. నాగలి చాలులో మనిషి వెనకాల నడుస్తూ సన్నగా వదలాలి. పైన రెండు మూడు సెంటీమీటర్ల మట్టి చాలు, ముళ్ళకంప ఒకసారి లాగితే సరిపోతుంది. లోతుగా పడ్డ గింజ పైకి రాలేదు. ఎడ్లు లేక వెదజల్లేవాళ్ళు గింజను రెండు భాగాలు చేసి, ఒక భాగం వాలుకు అడ్డంగా, ఇంకో భాగం నిలువుగా చల్లితే ఖాళీలు పడవు.

విత్తనం పొలం కోసం ఒక మడిని ఇప్పుడే వేరు చేసుకోండి. పొలం నడిబొడ్డున, ఐదు సెంట్లు చాలు. అంచులో పెట్టకండి, పక్కవాళ్ళ పొలం పుప్పొడి మొదట తగిలేది అంచుకే.

మొదటి నెల

మొలకలు నాలుగైదు రోజుల నుంచి కనిపిస్తాయి. పదిహేను రోజులకు చిక్కగా ఉన్నచోట పలచన చేయండి. ఈ పనికి మనసొప్పదు, ఆకుపచ్చని మొక్కను పీకి పారేయాలంటే. పీకినవి కూర వండుకుంటారు కొన్ని ఊళ్ళలో, లేదా మేకలకు వేయండి. కలుపు తీత పదిహేను ఇరవై రోజులకు ఒకటి, నెల దాటాక ఇంకొకటి. ఆ తర్వాత వలిసె నేలను కప్పేస్తుంది, కలుపు దాని నీడలో లేవదు.

కలుపు తీసే రోజుల్లోనే బంగారు తీగ కోసం చేనంతా నడవండి. చాలు చాలుకీ వంగి, కాండాల మొదళ్ళ దగ్గర చూడాలి. మొదట్లో అది పసుపు దారపు పోగులా ఉంటుంది, గాలికి ఊగుతూ పట్టు కోసం వెతుకుతుంటుంది. దారం చివర పట్టుకుని మెల్లగా లాగండి. కాండానికి ఆనిన చోట చిన్న చిన్న మొటిమల్లాంటివి కనిపిస్తాయి. వాటితోనే లోపలికి దిగి రసం లాగుతుంది. పట్టు దొరికాక దాని కింది భాగం ఎండిపోయి నేలతో సంబంధమే తెగిపోతుంది. కాబట్టి నేల దగ్గర మొదలు కోసినా లాభం లేదు. తీగను తెంపి పక్కన పడేసినా లాభం లేదు, వలిసె కాండం మీద మిగిలిన చిన్న ముక్క మళ్ళీ పెరుగుతుంది. ఏ మొక్కకు చుట్టుకుందో ఆ మొక్కతో సహా, చుట్టూ జానెడు దూరంలో ఉన్నవాటితో సహా పీకి గోనెసంచిలో వేయండి. చేనులో ఈడ్చుకు పోకండి, దారి పొడుగునా ముక్కలు రాలతాయి. గట్టు అవతల ఎండబెట్టి కాల్చేయండి. తెల్లటి గుత్తి పూలు పూయకముందే ఇది అయిపోవాలి, పూసి గింజ పట్టిందంటే రాబోయే పదేళ్ళ కష్టం ఆ రోజే నేలలో పడ్డట్టు.

వారానికొకసారి చొప్పున పూత వచ్చేదాకా ఈ నడక మానకండి. మిగతా ఏ పని వాయిదా వేసినా ఇది వేయకండి.

పూత, తేనెటీగలు

విత్తిన యాభై అరవై రోజులకు పూత మొదలవుతుంది. అన్నీ ఒక్కసారి పూయవు, పై తలలు ముందు, పక్క కొమ్మలవి తర్వాత, నెల వరకు సాగుతుంది. ఒక పువ్వును దగ్గరగా పట్టుకుని చూడండి. చుట్టూ ఎనిమిది దాకా పసుపు రేకులు, నడుమ గుంపుగా చిన్న చిన్న గొట్టాలు. రేకుకు ఒక పువ్వు, గొట్టానికి ఒక పువ్వు, అంటే మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి పదుల పూల గుత్తి. ఒక్కో తల నుంచి పదిహేను నుంచి ముప్పై గింజల దాకా వస్తాయి.

వలిసె మొక్క తన పుప్పొడిని తాను ఒప్పుకోదు. వేరే మొక్క పుప్పొడి వచ్చి పడితేనే గింజ కడుతుంది. గాలి ఆ పని సరిగా చేయలేదు, తేనెటీగలే చేయాలి. తొర్ర తేనెటీగల పెట్టెలు ఎకరాకు రెండు పెట్టుకుంటే తలల్లో తాలు తగ్గడం మీకే కనిపిస్తుంది. పెట్టెలు కొనలేకపోతే, చుట్టుపక్కల రాతి సందుల్లో, చెట్టు తొర్రల్లో ఉన్న తుట్టెలను ఆ నెల్లాళ్ళు కదపకుండా కాపాడండి. తేనె కోసం పొగ పెట్టేవాళ్ళకు పూత అయ్యాక రమ్మని చెప్పండి. అప్పటికి తేనె కూడా ఎక్కువ ఉంటుంది.

పూతలో పురుగుమందు కొట్టకండి. ఆకు తినే పచ్చ పురుగు కనిపిస్తే పూతకు ముందే, ఉదయం పూట చేత్తో ఏరడం, వేపగింజల కషాయం కొట్టడం సరిపోతుంది. పగలు ఎండ, రాత్రి చలి ఉన్నప్పుడు ఆకుల మీద బూడిద తెగులు వస్తుంది, తెల్లపొడి చల్లినట్టుంటుంది. నీటిలో కరిగే గంధకం లీటరు నీటికి మూడు గ్రాములు కలిపి, తేనెటీగలు ఇంటికి వెళ్ళాక, సాయంత్రం పిచికారీ చేయండి.

వేరే పుప్పొడి కావాలి కాబట్టే మెరుగైన రకాలను దూరం పెట్టమన్నాను. తేనెటీగకు మీ గట్టు, పక్కవాళ్ళ గట్టు అన్న తేడా లేదు. విత్తనం మడికి, వేరే రకం వేసిన పొలానికి మధ్య 400 మీటర్లు ఉంటే మంచిది. అంత భూమి మనలో ఎవరికీ ఉండదు. కాబట్టి పక్క రైతులతో మాట్లాడుకోవాలి. "మామా, ఈ ఏడు ఈ వాలంతా నాటు విత్తనమే వేద్దాం" అని ఆగస్టులోనే కూర్చుని అనుకుంటే వాలు మొత్తం ఒకే విత్తనం పొలం అవుతుంది, అందరి విత్తనమూ బాగుపడుతుంది. ఊళ్ళో మాట కుదరకపోతే మధ్యలో కొండో, దట్టమైన చెట్ల వరుసో ఉన్న చేనును విత్తనం మడికి ఎంచుకోండి.

విత్తనానికి మొక్కల్ని ఎంచుకోవడం

చోళ్ళ విషయంలో బాగున్న పది కంకులు కోసి దాచుకుంటాం. చోడి తన పుప్పొడితోనే గింజ కడుతుంది కాబట్టి అక్కడ అది సరిపోతుంది. అదే పద్ధతి వలిసెకు పనికిరాదు. బాగున్న నాలుగైదు మొక్కల గింజే వేస్తూ పోతే వచ్చే సంతానమంతా దగ్గర చుట్టాలవుతుంది. చుట్టాల పుప్పొడిని కూడా వలిసె చాలావరకు తిప్పికొడుతుంది. రెండు మూడేళ్ళలోనే పూలు బాగా పూసి, తలలు మాత్రం తాలుపోతాయి. విత్తనం చచ్చిపోయింది, నేల చెడిపోయింది అని అనుకుంటారు. జరిగింది మాత్రం మొక్కల్ని మరీ తక్కువ ఎంచుకోవడం.

కనీసం నూరు మొక్కలు, వీలైతే రెండువందలు ఎంచుకోండి. పూత సగంలో ఉన్నప్పుడే మడిలోకి దిగి, నచ్చిన మొక్కలకు రంగు గుడ్డ పీలిక కట్టండి. కోతకు వచ్చాక అన్నీ ఒకేలా ఎండి ఉంటాయి, అప్పుడు ఏది ఏదో తెలియదు. ఏం చూడాలంటే: గాలికి పడని కాండం, మొదటి నుంచి కొమ్మలు, కొమ్మ కొమ్మకూ తలలు, తెగులు మచ్చలు తక్కువ, దగ్గర దగ్గర రోజుల్లో పూయడం. చలి రాత్రి తర్వాత తెల్లవారి వెళ్ళి చూడడం మరీ ముఖ్యం. ఆకు వాడిపోయి వేలాడుతున్న మొక్కల మధ్య, నిటారుగా నిలబడ్డది ఒకటి ఉంటుంది. పీలిక దానికి కట్టండి.

మరీ పొడుగు, మరీ పొట్టి వాటిని తీసేయండి గానీ, మధ్యలో ఉన్న తేడాల్ని అలాగే ఉంచండి. కొంచెం ముందు పూసేవి, కొంచెం వెనక పూసేవి రెండూ ఉండనివ్వండి. ఒక ఏడు వాన తొందరగా ఆగిపోతుంది, ఒక ఏడు నవంబరు దాకా తుఫాన్లు వస్తాయి. నాటు విత్తనం ఏ ఏడాదీ పూర్తిగా చెయ్యివ్వకపోవడానికి కారణం దానిలో ఉన్న ఈ తేడాలే. అన్నీ ఒకే అచ్చుగా ఉండాలని చూస్తే ఆ బలం మనమే తీసేసినట్టు.

కోత, నూర్పిడి

ఆకులు ఎండి రాలుతూ, తలలు గోధుమ రంగు నుంచి నలుపుకు తిరుగుతుంటే కోతకు వచ్చినట్టు. అన్ని తలలూ నల్లబడేదాకా ఆగితే ముందు పండినవి రాలిపోతాయి. మూడొంతులు ముదిరాయనిపించగానే కోయండి. తెల్లవారుజామున, మంచు తడి ఇంకా తలల మీద ఉండగానే కొడవలి పెట్టాలి, ఎండెక్కాక తాకితే చాలు గింజ రాలుతుంది.

పీలిక కట్టిన మొక్కల్ని ముందు కోసి, విడిగా గుడ్డ మీద పెట్టండి, వాటి గింజ వచ్చే ఏటి మడికి. మడిలో మిగిలిన మొక్కల్ని కూడా పొలం పంటతో కలపకండి, పొలానికి కావలసిన విత్తనం వాటి నుంచే. మిగతా పంటను చిన్న కట్టలుగా కట్టి, కళ్ళంలో తలలు పైకి ఉండేలా నిలబెట్టి వారం రోజులు ఎండనివ్వండి. తర్వాత టార్పాలిన్ పరిచి కర్రతో మెల్లగా కొడితే గింజ దిగిపోతుంది. విత్తనం గింజను విడి గుడ్డ మీద, విడి కర్రతో నూర్చండి. ముందు పొలం పంట నూర్చి, అదే కళ్ళంలో విత్తనం నూర్చితే ఇంత శ్రమా పోతుంది.

ఎకరాకు 120 నుంచి 150 కిలోలు వస్తే మామూలు పంట. మంచి నేల, తేనెటీగలు, సరైన సమయం కలిసివస్తే 200 దాకా చూడొచ్చు. ఇది పెద్ద దిగుబడి కాదు, నిజమే. పెట్టుబడి కూడా దాదాపు లేదు కదా. కేంద్రం 2025-26కు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 9,537 రూపాయలు. మీరు అమ్మే ఏటి మద్దతు ధర కనుక్కుని, సంతలో వ్యాపారి చెప్పే ధరను దానితో పోల్చి చూసి మాట్లాడండి. గానుగ దగ్గరలో ఉంటే కొంత నూనె ఆడించుకోండి. గింజలో నూనె 35 నుంచి 40 శాతం ఉంటుంది, గానుగలో మూడో వంతుకు కాస్త తక్కువ చేతికి వస్తుంది. నూనె తొందరగా చేదెక్కుతుంది కాబట్టి ఏడాదికి సరిపడా ఒకేసారి ఆడించకుండా, కొంచెం కొంచెంగా ఆడించుకోవడం మేలు. నూనె తీశాక మిగిలే చెక్క పాడి పశువులకు మంచి దాణా.

విత్తనం దాచడం

రెండు మూడు రోజులు పొద్దుటి ఎండలో ఆరబెట్టండి, మధ్యాహ్నపు మండే ఎండలో సిమెంటు నేల మీద వద్దు. పంటి కింద పెడితే టక్కున విరగాలి, నలిగితే ఇంకా తడి ఉన్నట్టు. చల్లారాకే పాత్రలో పోయాలి, వేడిగా పోస్తే లోపల చెమట పడుతుంది.

ఇక్కడి ఇళ్ళలో ఎండిన ఆనపబుర్రలో విత్తనం పోసి, మూతికి గుడ్డ కుక్కి, మట్టి మెత్తి, పొయ్యి పైన పొగ తగిలేలా వేలాడదీస్తారు. ఆ పొగకు పురుగు చేరదు, వానకాలంలో కూడా చెమ్మ పట్టదు. బుర్ర లేనివాళ్ళు గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో, అడుగున పొడి బూడిద, పైన ఎండు వేపాకు వేసి, గింజను గుడ్డ సంచిలో పెట్టి ఉంచుకోవచ్చు. పైన చీటీ అంటించండి: ఏ ఊరి విత్తనం, ఏ ఏడు, ఏ చేను, ఎన్ని మొక్కల నుంచి తీశారు.

మీకు కావలసిన దానికి రెట్టింపు దాచండి. విత్తిన వారంలో కుండపోత వచ్చి మొలకలు కొట్టుకుపోతే మళ్ళీ విత్తడానికి సెప్టెంబరు మొదటి వారం వరకే సమయం ఉంటుంది, అప్పుడు సంత తిరిగే తీరిక ఉండదు. నూనె గింజ కాబట్టి ఏళ్ళ తరబడి ఉంచితే మొలక తగ్గిపోతుంది. ప్రతి ఏడూ కొంచెమైనా వేసి కొత్త గింజ తీసుకోండి.

ఇంకో కిలో తీసి, వేరే వాలులో ఉన్న రెండు ఇళ్ళకు చెరి సగం ఇవ్వండి. 2001 నాటి రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు కూడా. మీ చేనులో ఒక ఏడు పోయినా ఆ రెండు ఇళ్ళలో దొరుకుతుంది. ఇచ్చేటప్పుడు తిరిగి ఎంత ఇవ్వాలో, పొలంలో బంగారు తీగ వస్తే ఆ గింజ తిరిగి తీసుకోనని, అప్పుడే చెప్పేయండి.